తలుపు మీద పేరు

రిటైరైన మగవాళ్లు మూడు రకాలని మావారి సిద్ధాంతం. గుళ్ల వెంట తిరిగేవాళ్లు, డాక్టర్ల వెంట తిరిగేవాళ్లు, వంటింట్లో పెళ్లాం వెనకాల తిరుగుతూ "ఇందులో ఉప్పేశావా?" అని అడిగేవాళ్లు. తాను ఏ రకమో ఆయన చెప్పరు. నేనూ చెప్పను. మా తమ్ముడు మాత్రం ఈ మూడింట్లో దేంట్లోనూ ఇమడలేదు. అమెరికాలో నలభై ఏళ్లకు దగ్గర దగ్గరగా ఉండి, ఉద్యోగం చాలించుకుని, కిందటేడు దసరా ముందు సూర్యాపేట వచ్చినవాడు, కాళ్లయినా కడుక్కోకుండా "అక్కా, నాయన జీపు ఉందా, అమ్మేశారా?" అన్నాడు.

ఉంది. ఎక్కడికి పోతుంది? పాత కొట్టు వెనక వేపచెట్టు కింద, నాలుగు చక్రాలూ మట్టిలో కూరుకుపోయి ఉంది. ముందు సీట్లో ఎదురింటివాళ్ల కోడి పొదిగింది కూడాను.

"అమ్మాలంటే పాత ఇనుము కొనేవాడు కావాలి కదరా. మనకు తెలిసిన పాత ఇనుమాయన నాయనే. ఆయనా లేకపాయె" అన్నాను.

"మంచిదైంది. దాన్ని శాన్‌ఫర్డ్ బండి చేద్దాం" అన్నాడు వాడు.

శాన్‌ఫర్డ్ ఎవరో, ఆయన బండేమిటో చెప్పేముందు మా నాయన సంగతి కొంచెం చెప్పాలి. మీ వీధిలో కూడా పొద్దున్నే ఒక గొంతు వినిపించేది కదా, పాత ఇనుప సామాన్లు, పాత ఇత్తడి సామాన్లు కొంటామంటూ? సూర్యాపేటలో ఆ గొంతు మా నాయనది. తోపుడు బండితో మొదలుపెట్టాడు. 1973లో ఒక పాత మహీంద్రా జీపు కొన్నాడు, వెనక పొడుగాటి తొట్టి ఉన్నది. అది తాగే పెట్రోలు చూడలేక కొన్నాళ్లకు డీజిలు ఇంజను వేయించాడు. దాంతో శబ్దం ఎంత పెరిగిందంటే, నాయన జనగామ రోడ్డు మలుపులో ఉండగానే నేను ఇంట్లో అన్నానికి ఎసరు పెట్టేదాన్ని.

సోమవారం మిర్యాలగూడ, గురువారం కోదాడ. ఆ రెండు ఊళ్లే మాకు అన్నం పెట్టాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ చుట్టూ వరి వచ్చింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట అరిగిపోయిన రోళ్లు, చిల్లుపడ్డ జల్లెళ్లు, తుప్పు పట్టిన బాయిలర్ గొట్టాలు వచ్చాయి. కోదాడ బెజవాడ రోడ్డు మీది ఊరు. అక్కడ లారీలు. విరిగిన స్ప్రింగు పట్టీలు నాయన కట్టలు కట్టి తెచ్చేవాడు. ఆ ఉక్కుకు మంచి పదును నిలుస్తుందని కమ్మరివాళ్లు కొడవళ్లకూ గొడ్డళ్లకూ ఏరుకుని మరీ తీసుకుపోయేవాళ్లు. హైదరాబాదు రోడ్డు మీద పరుగెత్తిన లారీ ముక్క చివరికి ఎవరి చేలోనో వరి కోసేదన్నమాట.

సూర్యాపేటలో మాత్రం మాకు వచ్చేది ఆడవాళ్ల సామాను. డెబ్బైల్లో స్టీలు పిచ్చి ఎలా పట్టిందో మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చింతపండు పెట్టి తోమే బాధ తప్పుతుందని గంగాళాలు, గుండిగలు, బిందెలు అన్నీ తెచ్చి తూకానికి వేసేవాళ్లు. వాటి మీద పేర్లుండేవి. ఉలీ సుత్తీ పెట్టి చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లు. పుట్టింటివాళ్లు పెట్టిన బిందె మీద పిల్ల పేరు, ఊరి పేరు, ఒక్కోసారి తేదీ. పేరున్న సామానును నాయన వెంటనే పంపేవాడు కాదు, రెండు నెలలు పక్కన పెట్టేవాడు. ఒకసారి మునగాల వైపునుంచి ఒకామె కొడుకు ఫీజు కోసం రెండు బిందెలు అమ్మి, యాభై రోజులకు డబ్బు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. కొన్న ధరకే ఇచ్చేశాడు. అప్పటికి ఇత్తడి ధర పెరిగింది. నేను లెక్కల పుస్తకంలో ఎదుటి వరసలో "నష్టం" అని రాస్తే, నాయన నా చేతిలో పెన్సిలు తీసుకుని దాన్ని కొట్టేసి "పేరు" అని రాశాడు. అదేం పద్దో ఇప్పటికీ నాకు తెలీదు.

అవును, లెక్కలు నేనే రాసేదాన్ని. పద్నాలుగో ఏటినుంచి. అమ్మ 1970లో పోయింది. ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి పెళ్లయ్యాక కూడా మధ్యాహ్నం మావారు బడికి వెళ్లగానే కొట్టుకు వెళ్లి కూచునేదాన్ని.

ఇక శాన్‌ఫర్డ్ సంగతి. తమ్ముడు 1984లో చదువుకని అమెరికా వెళ్లాడు. అక్కడ గదిలో ఒక పాత టీవీ, అందులో రాత్రిళ్లు పాత సీరియళ్లు మళ్లీ వేసేవాళ్లట. "శాన్‌ఫర్డ్ అండ్ సన్" అని ఒకటి. 1972 జనవరినుంచి 1977 మార్చిదాకా ఎన్‌బీసీలో వచ్చింది. లాస్ ఏంజెలస్‌లో వాట్స్ అనే పేటలో నల్లవాళ్ల ఇల్లు. తండ్రి ఫ్రెడ్ శాన్‌ఫర్డ్, కొడుకు లమాంట్. వ్యాపారం పాత సామాను! ఇంటినిండా విరిగిన కుర్చీలు, కుండలు, గడియారాలు. వాకిట్లో ఒక ఎర్ర పికప్పు ట్రక్కు, 1951 నాటి ఫోర్డ్ ఎఫ్-1. దాని తలుపు మీద "శాన్‌ఫర్డ్ అండ్ సన్" అని రాసి ఉంటుంది. క్విన్సీ జోన్స్ కట్టిన వరసతో ఆ డొక్కు బండి ఊళ్లో పోతుంటే సీరియలు మొదలవుతుంది. దాని మూలం ఇంగ్లండుదట, బీబీసీలో 1962లో మొదలైన "స్టెప్టో అండ్ సన్". అక్కడ తండ్రీకొడుకులది గుర్రబ్బండి. గుర్రం అట్లాంటిక్ దాటాక ఫోర్డు అయింది.

"మొదటిరోజు చూసి రాత్రంతా నిద్రపోలేదక్కా. మన కొట్టును వీళ్లకు ఎవరు చూపించారా అనుకున్న" అన్నాడు తమ్ముడు.

కొట్టు ఒక్కటే అయితే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. కొడుకు ఇల్లు వదిలిపోతానన్నప్పుడల్లా ఆ ఫ్రెడ్ చెయ్యి గుండెమీద వేసుకుని, వెనక్కి తూలుతూ, ఆకాశంకేసి చూస్తూ, పోయిన భార్యను పేరు పెట్టి పిలిచి నీ దగ్గరికే వచ్చేస్తున్నానని మొదలుపెడతాడట. కొడుకు ఆగిపోతాడు. తండ్రి లేచి కూచుని భోంచేస్తాడు. వారం వారం ఇదే.

మా నాయన అచ్చం ఇదే చేసేవాడు! ఆయన జన్మలో అమెరికా టీవీ చూడలేదు. తమ్ముడు హైదరాబాదులో ఇంజనీరింగు చేరతానన్నప్పుడు మొదటిసారి గుండె పట్టుకున్నాడు. "ఇగ అయిపోయిందే నా పని. మీ అమ్మ పిలుస్తాంది" అని తూకం రాళ్ల మీద కూలబడ్డాడు. నేను ఏడ్చాను, తమ్ముడు సోడా తెచ్చాడు. సోడా తాగి, ఎదుటివాడు తక్కువ తూస్తున్నాడని లేచి పోట్లాటకు వెళ్లాడు. వీసా వచ్చిన రోజు రెండుసార్లు వచ్చింది నొప్పి. నా పెళ్లికి మాత్రం రాలేదు సుమండీ. నేను ఊళ్లోనే ఉంటున్నాను కదా, ఖర్చు దండగనుకున్నాడేమో.

సరే, బండి. దాన్ని డీసీఎంలో ఎక్కించి కోదాడ తీసుకుపోయారు, లారీ బాడీలు కట్టే ఒక మేస్త్రీ దగ్గరికి. మేస్త్రీకి తమ్ముడు సెల్‌ఫోనులో ఫోర్డు బొమ్మలు చూపించాడు. ఉబ్బిన పూరీలాంటి బానెట్టు, గుండ్రంగా వంగిన మడ్‌గార్డులు, ముందు మూతికి అడ్డంగా ఒక లావుపాటి కమ్మీ, దాని రెండు చివర్లా దీపాలు. మేస్త్రీ చాలాసేపు చూసి "రామారావుగారి చైతన్య రథం లెక్కనా?" అన్నాడు. అదీ ఒక పాత షెవర్లె వ్యానే కదా, 1982లో రాష్ట్రమంతా తిరిగింది. తమ్ముడు కాదంటాడేమో అనుకున్నాను. "అట్లాంటిదే. కాకపోతే ఇందులో నిలబడి మాట్లాడేవాళ్లు ఉండరు, పోట్లాడుకునేవాళ్లు ఉంటారు" అన్నాడు.

అమెరికాలో ఇదొక పెద్ద సరదా అట. సీరియళ్లలో పేరుకెక్కిన బండ్లను బోల్టు బోల్టుకూ వెతికి మళ్లీ తయారు చేసుకుంటారట. "బెవర్లీ హిల్‌బిల్లీస్"లోని 1921 నాటి ఓల్డ్స్‌మొబైల్ ట్రక్కునైతే మిస్సోరీలో మ్యూజియంలోనే పెట్టారు. అసలు ఫోర్డు కొని అక్కడే చేసుకోవచ్చు కదురా అంటే, "అక్కడ చేస్తే అది వాళ్ల బండి అయితదక్కా" అన్నాడు.

జీపు పొట్టిది, ఫోర్డు బొద్దుది. ఇనుప రేకును సుత్తితో కొట్టి కొట్టి ఉబ్బించారు. చెవులు చిల్లులు పడ్డాయిగానీ, రొట్టె పొంగినట్టు అది పైకి లేస్తుంటే నాకు చూడబుద్ధేసింది. ముందు కమ్మీకి సరైన గొట్టం దొరకలేదు. మిర్యాలగూడలో మూతపడ్డ ఒక మిల్లు సామాను అమ్ముతున్నారని తెలిసి ముగ్గురం వెళ్లాం. పాత బాయిలర్ గొట్టం ఒకటి దొరికింది. మిల్లు ముసలాయన మా నాయన పేరు వినగానే "తూకం దగ్గర మహా గట్టోడమ్మా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో! తొట్టి అడుక్కు పాత లారీ చెక్కలు వేశారు. ఆ ఫోర్డుకూ అడుగు చెక్కే అట.

అసలు గొడవ రంగు దగ్గర వచ్చింది. పెయింటరు కుర్రాడు నిగనిగలాడే ఎరుపు వేసి మురిసిపోతున్నాడు. తమ్ముడు ఉప్పుకాగితం చేతికిచ్చి "ఇప్పుడు గీకెయ్" అన్నాడు. ఎండకు వెలిసినట్టు, వానకు కారినట్టు కనపడాలట. "కొత్త రంగు వేసి పాతగా చేయమంటారేంది సార్? ముందే చెప్తే పాతదాన్నే ఉంచేవాణ్ని కదా" అన్నాడు వాడు. మావారు అందుకుని, "బాబూ, అమెరికాలో ఇలా చేస్తేనే డబ్బులు ఎక్కువిస్తారు" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, సందు దొరికితే వదలరు.

బండి రోడ్డెక్కదని మాత్రం మొదటే తేలిపోయింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారైన బండి ఆకారాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చి తిప్పకూడదు. పైగా మా జీపు కాగితాల గడువు ఏనాడో దాటింది. తమ్ముడు ఒక పూట దిగులుపడి, "కొట్టు వాకిట్లో నిలబెడితే చాలు. సీరియల్లో కూడా అది ఎక్కువసేపు వాకిట్లోనే ఉంటది" అని సర్దుకున్నాడు.

ఒకరోజు కోదాడ షెడ్డులో టీ తాగుతూ ఆ ఫ్రెడ్ వేషం కట్టినాయన సంగతి చెప్పాడు. పేరు రెడ్ ఫాక్స్. అసలు ఇంటిపేరే శాన్‌ఫర్డ్ అట. ఫ్రెడ్ అన్నది సొంత సోదరుడి పేరు. సీరియలు మొదలైనప్పుడు ఆయనకు నలభై తొమ్మిదేళ్లు, కట్టింది అరవై అయిదేళ్ల ముసలి వేషం. 1991 అక్టోబరు 11న ఇంకో సీరియలు రిహార్సలులో ఉండగా గుండె పట్టుకుని పడిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు మొదట పాత హాస్యమే చేస్తున్నాడనుకున్నారు. ఆ రాత్రి పోయాడు.

నా చేతిలో గ్లాసు అక్కడే పెట్టి రోడ్డు మీదికి వచ్చేశాను. లారీలు పోతున్నాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు.

1994 కార్తీకంలో ఒక మధ్యాహ్నం నేను కొట్టులో లెక్క చూస్తున్నాను. నాయన తూకం దగ్గరనుంచి వచ్చి "గుండెల్ల పట్టేసినట్టుందే" అన్నాడు. తలెత్తకుండా "ఎవరు ఊరికి పోతున్నారని నాయనా, ఇప్పుడు?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పోయి జీపులో కూచున్నాడు. కూడిక రెండుసార్లు తప్పింది, మూడోసారి సరిచూసుకుని, అప్పుడు లేచి వెళ్లాను.

తమ్ముడు అమెరికానుంచి వచ్చేసరికి నాలుగో రోజైంది. "నిద్రలోనే పోయాడురా, బాధపడలేదు" అని చెప్పాను. జీపులో అన్న మాట చెప్పలేదు, నేనన్న మాట అసలే చెప్పలేదు. మావారికి కూడా చెప్పలేదు. ఇన్నేళ్లూ జీపు అమ్మకపోవడానికి కారణం ఎదురింటి కోడి కాదు.

తమ్ముడు నా వెనకే రోడ్డు మీదికి వచ్చాడు. అక్కడే, లారీల హోరులో చెప్పాను. సగం వినపడిందో లేదో. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ దసరాకు ఉత్తరం రాసిండక్కా. గుండెల్ల నొప్పిగుంటాంది, ఒక్కసారి వచ్చిపోరా అని. ఆ సీరియలు చూసీ చూసీ ఉన్నా కదా. దోస్తులకు చదివి వినిపించిన. అందరం నవ్వినం" అన్నాడు. ఉత్తరం ఉందా అని అడిగాను. ఉందన్నాడు. ఆ సాయంత్రం బస్సులో సూర్యాపేటదాకా ఇద్దరం ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు నా సంచీ వాడు పట్టుకున్నాడు.

చివరికి మిగిలింది తలుపు మీద పేరు. టీవీలోలాగే అక్షరాలుండాలి, కానీ శాన్‌ఫర్డ్ బదులు నాయన పేరు. కింద "అండ్ సన్, సూర్యాపేట". పెయింటరు కుర్రాడు సుద్దముక్కతో గీతలు గీసుకుంటూ, "పెద్దాయనకు సార్ ఒక్కరేనా మేడమ్ పిల్లలు?" అని మామూలుగా అడిగాడు.

తమ్ముడి మొహం చూడాలి. "అక్కా, మారుద్దాం. ఎట్ల రాయమంటే అట్ల రాయిస్త" అన్నాడు.

"టీవీలో ఎలా ఉంటే అలానే రాయి బాబూ" అన్నాను. పెద్దరికం చూపించాలని కాదు. అన్నీ టీవీలోలా చేసి ఒక్క పేరు దగ్గర మారిస్తే అది వాడు ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్న బండి కాకుండా పోతుంది. అలా అన్నానేగానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు కొట్టులో కూచున్నది నాలుగు వేసవి సెలవులు. నేను కూచున్నది ఇరవై నాలుగేళ్లు. ఆడపిల్ల పేరు బిందె మీదే ఎందుకు కొడతారు, బోర్డు మీద ఎందుకు రాయరు అని పక్కమీద లేచి కూచుని మావారిని అడిగాను. ఆయన నిద్రలోనే "ఉప్పేశావా?" అన్నారు.

బండి మళ్లీ సూర్యాపేట వచ్చి వేపచెట్టు కింద నిలబడింది. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతున్నారు. ఎదురింటి కోడి రెండుసార్లు వచ్చి చూసుకుపోయింది.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అందరూ పడుకున్నాక పాత కొట్టు అరలోంచి సన్న ఉలి, చిన్న సుత్తి తీశాను. చిన్నప్పుడు మా కొట్టు పక్కన పేర్లు కొట్టే తాత దగ్గర నేర్చుకున్న విద్య. ముందు అద్దం కింద రేకు మీద, స్టీరింగుకు ఎడమ పక్కన, నేను ఎప్పుడూ కూచునేవైపు, బిందె మీద కొట్టినట్టే చుక్కలు చుక్కలుగా కొట్టాను. నా పేరు, సూర్యాపేట, 1970. చేతులు వణికాయి. గంట పట్టింది.

సుత్తి చప్పుడుకు తమ్ముడు లేచి వచ్చాడు. వంగి చూశాడు. చుక్కల మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే తడుముకుంటూ చివరిదాకా వెళ్లాడు.

"ఇక్కడ తలకట్టు వంకరపోయిందక్కా" అన్నాడు.

"ఉలి జారింది" అన్నాను.